రోజూ వాక్యం చదవడం, ధ్యానించడం: గోదావరి జిల్లాల విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

కూటం అయ్యాక, గృహ ప్రార్థనల్లో టీ తాగుతున్నప్పుడు, మందిరం బయట చెప్పులు వేసుకుంటున్నప్పుడు ఎక్కువగా వినబడే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట చేర్చాను. కొన్నిటికి పొడుగ్గా చెప్పాల్సి వచ్చింది, కొన్నిటికి రెండు ముక్కలు చాలు. అధ్యాయాల నంబర్లు ఇచ్చాను కాబట్టి బైబిల్ పక్కన పెట్టుకుని చదివితే మంచిది.

రోజూ బైబిల్ చదవకపోతే పాపమా అండి?

కాదు. ప్రతి విశ్వాసీ రోజూ ఇన్ని అధ్యాయాలు చదవాలని బైబిల్లో ఎక్కడా ఆజ్ఞ లేదు. ఉండే వీలూ లేదు. ఆ రోజుల్లో గ్రంథపు చుట్ట ఇంటికొకటి ఉండేది కాదు. సమాజమందిరంలో ఒకరు చదివితే మిగతావాళ్ళు వినేవారు. తెలుగు కొత్త నిబంధన సేరంపూర్‌లో అచ్చయిందే 1818లో. అంతకుముందు తెలుగువాడికి రోజూ చదువుకుందామన్నా చేతిలో పూర్తి కొత్త నిబంధన లేదు.

అయితే రోజూ చదవడం మనం కొత్తగా కల్పించుకున్న అలవాటు కూడా కాదు. ఇశ్రాయేలు రాజు ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాసుకుని బతికినన్నాళ్ళూ చదవాలని ద్వితీయోపదేశకాండము 17లో ఉంది. దివారాత్రము ధ్యానించమని యెహోషువకు చెప్పిన మాట 1:8లో ఉంది. బెరయ ఊరివాళ్ళు పౌలు బోధ విని, అది నిజమో కాదో అని ప్రతిరోజూ లేఖనాలు పరిశోధించారు (అపొస్తలుల కార్యములు 17:11). ఈ చివరివాళ్ళంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. పౌలంతటివాడు చెప్పినా ఇంటికెళ్ళి సరిచూసుకున్నారు, దానికి మెప్పు కూడా పొందారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎక్కడ నుంచి చదవాలి?

మార్కు సువార్త నుంచి. 16 అధ్యాయాలే, కథ పరుగెడుతుంది. ఆదికాండం మొదటి పేజీ నుంచి వరసగా వెళ్దామనుకున్నవాళ్ళలో చాలామంది నిర్గమకాండం 25 దగ్గర, గుడారం కొలతలు మొదలయ్యే చోట, ఆగిపోతారు. మార్కు తర్వాత రూతు (4 అధ్యాయాలు), ఆ తర్వాత ఫిలిప్పీ పత్రిక (అదీ నాలుగే), అప్పుడు ఆదికాండం. వీటితోపాటు రోజుకొక కీర్తన.

ఏడాదిలో బైబిల్ మొత్తం పూర్తి చేయాలా? మా సంఘంలో జనవరిలో చార్ట్ ఇచ్చారు.

బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. ఏడాదిలో పూర్తి కావాలంటే రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు పడతాయి. ఇలాంటి చార్టుల్లో బాగా పేరున్నది స్కాట్లాండ్ పాస్టర్ రాబర్ట్ మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం తయారుచేసినది. రోజూ నాలుగు చోట్ల నుంచి చదువుతూ పోతే ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు అవుతాయి. ఇప్పుడది ఫోన్ యాప్‌లలోనూ ఉంది.

జీవితంలో ఒక్కసారైనా ఈ పని చేయమనే నేను చెబుతాను. బైబిల్ మొత్తం ఒక కథగా ఎలా సాగుతుందో అలా చదివితేనే తెలుస్తుంది. ప్రతి ఏడాదీ పందెంలా చేయమని మాత్రం చెప్పను. చార్ట్‌లో టిక్కు పెట్టడానికి పడుకోబోయే ముందు మూడు అధ్యాయాలు గబగబా తిప్పేస్తే, పొద్దున్నకి ఏం చదివామో గుర్తుండదు. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు చదివితే 52 వారాలకి సరిగ్గా సరిపోతాయి, శని ఆదివారాలు మిగులుతాయి కూడా. ఉద్యోగం, వ్యవసాయం, పిల్లలు ఉన్నవాళ్ళకి ఇది నడిచే లెక్క.

మొదటి కీర్తనలో ధ్యానించేవాణ్ణి "నీటికాలువల యోరను నాటబడిన" చెట్టుతో పోల్చారు. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల పంట భూమిగా మారిందంటే, సార్వాకీ దాళ్వాకీ వంతు ప్రకారం కాలువలో పారిన నీళ్ళ వల్లే. అదే గోదావరి ఒక్కసారిగా ఊరి మీదికి వస్తే చేను మునుగుతుంది. వారమంతా ముట్టుకోకుండా ఆదివారం మధ్యాహ్నం ఇరవై అధ్యాయాలు చదివేవాళ్ళు ఈ తేడా ఆలోచించాలి.

ధ్యానించడం అంటే అసలు ఏం చేయాలి? కళ్ళు మూసుకుని మనసు ఖాళీ చేసుకోవడమా?

ఖాళీ చేసుకోవడం కాదు. చదివిన మాటల్ని మనసులో తిప్పుకుంటూ, వాటి వెంట ప్రశ్నలు వేసుకుంటూ, దేవుడికి జవాబు చెప్పడం. ఉత్తినే వివరిస్తే పట్టుబడదు, ఒక అధ్యాయం తీసుకుని చేసి చూద్దాం. రూతు 2.

ముందు మెల్లగా, పైకి వినబడేలా ఒకసారి చదవండి. మోయాబు దేశం నుంచి వచ్చిన విధవరాలు రూతు అత్తగారితో పాటు బేత్లెహేము చేరింది. యవల కోతలు మొదలయ్యాయి. ఇంట్లో గింజ లేదు. కోసేవాళ్ళ వెనకాల పరిగె ఏరుకుంటానని అత్తగారిని అడిగి వెళ్ళింది. ఆ పొలం బోయజుది. ఇది కథ. ఇక్కడితో ఆపేసి "దేవుడు విధవరాళ్ళను పోషిస్తాడు" అని ఒక ముక్క రాసుకుంటే తప్పేం లేదు గానీ, అది చదవకముందే మనకి తెలుసు.

రెండోసారి చదవండి. ఈసారి చిన్న చిన్న సంగతులు చూడండి. బోయజు తన పనివాళ్ళకి ఆమెను ముట్టవద్దని ఆజ్ఞాపించాడు (9వ వచనం). ఆ మాట ఎందుకు చెప్పాల్సి వచ్చిందో ఊడ్పులకీ కోతలకీ పరాయి ఊళ్ళు వెళ్ళే ఆడవాళ్ళకి బాగా తెలుసు. అదే వచనంలో, దాహమైతే పనివాళ్ళు చేది పెట్టిన కుండల్లోంచే తాగమన్నాడు. భోజనాల వేళ కోతవాళ్ళ పక్కనే కూర్చోబెట్టాడు (14). పరదేశిని, మోయాబురాలిని, అదే కుండ దగ్గరికి, అదే వరసలోకి రానివ్వడం ఎంత మాటో మన ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళు ఇట్టే పట్టుకుంటారు. తర్వాత పనివాళ్ళతో, పనల్లోంచి కొన్ని కావాలనే లాగి ఆమె కోసం పడేయమన్నాడు, గద్దించవద్దన్నాడు (16). దానం చేస్తున్నట్టు ఆమెకి తెలియనివ్వలేదు. ఆమె కష్టపడి ఏరుకున్నట్టే ఇంటికి తీసుకెళ్ళింది.

ఇంకొకటి ఉంది, మొదటిసారి చదివినప్పుడు సాధారణంగా కంటికి ఆనదు. మధ్యాహ్నం తను తిని మిగిల్చిన పేలాలు రూతు సాయంత్రం తెచ్చి అత్తగారికి పెట్టింది (18). పొద్దున్నుంచీ ఎండలో వంగి ఏరిన మనిషి, కడుపు నిండా తినమన్నప్పుడు కూడా ఇంట్లో ముసలావిడకి దాచి ఉంచింది.

ఇప్పుడు ప్రశ్న. మీకు పొలం ఉందా, లేక మీరే కూలికి వెళ్తారా అన్నదాన్ని బట్టి ఒకే అధ్యాయం వేరువేరుగా ప్రశ్నిస్తుంది. వరికోత మిషన్లు వచ్చాక మన చేలల్లో పరిగె అన్నదే పెద్దగా మిగలడం లేదు. మరి నా ఆదాయంలో, అది జీతమైనా, కొబ్బరి మీదొచ్చిన డబ్బైనా, చెరువు లీజైనా, వేరేవాళ్ళ కోసం వదిలే అంచు ఎక్కడుంది? నా ఇంట్లో పనిచేసే మనిషికి టీ గ్లాసు వేరేగా పెట్టానా? ఇలాంటి ప్రశ్న తగిలినచోట ఆగండి. అక్కడే ప్రార్థన చేయండి, పెద్ద మాటలేం అక్కర్లేదు. ఆ ఒక్క వచనం గుర్తుపెట్టుకుని పనిలోకి వెళ్ళండి.

దీనికంతటికీ పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. నాలుగు అధ్యాయాలు వేగంగా చదవడానికి పట్టే సమయం కూడా దాదాపు అంతే.

లేవీయకాండం, వంశావళులు వదిలేయొచ్చా?

మొదటిసారి చదివేవాళ్ళు వదిలేయొచ్చు. రెండోసారికి వదలొద్దు. రూతు పరిగె ఏరుకోగలిగిందంటే, పొలం అంచుల వరకూ పూర్తిగా కోయవద్దు, రాలిన పరిగె బీదలకీ పరదేశులకీ విడిచిపెట్టమనే చట్టం ఉండబట్టే. అది లేవీయకాండం 19:9, 10లో ఉంది. ఆ చట్టం లేకపోతే రూతు కథే లేదు. దావీదు ముత్తవ్వ ఆవిడే కాబట్టి, మత్తయి మొదటి అధ్యాయంలో మనం దాటేసే వంశావళిలో ఆమె పేరు కూడా ఉంది. అదే 19వ అధ్యాయంలో కూలివాడి కూలి మర్నాటి దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని ఉంది (13), "నిన్నువలె నీ పొరుగువానిని" ప్రేమించమనీ ఉంది (18). యేసు ఎత్తి చెప్పిన మాట మనకి విసుగనిపించే పుస్తకంలోదే.

సంఖ్యాకాండం 7 లాంటి చోట్ల మాత్రం, పన్నెండు గోత్రాల కానుకలు ఒకే మాటల్లో పన్నెండు సార్లు వచ్చే చోట, వేగంగా చదివితే దేవుడేం అనుకోడు.

పొద్దున్నే చదవాలంటారు. నాది రొయ్యల చెరువు దగ్గర రాత్రి డ్యూటీ.

అయితే డ్యూటీ దిగాక చదవండి, లేదా పడుకుని లేచాక. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థించాడని మార్కు 1:35లో ఉన్నమాట నిజమే. ఇస్సాకు సాయంకాలం పొలంలోకి ధ్యానించడానికి వెళ్ళాడనీ ఉంది (ఆదికాండం 24:63). దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు. 63వ కీర్తన రాసినవాడు రాత్రి జాముల్లో పడకమీద ధ్యానించాడు. గడియారం చూసి పరిశుద్ధతను కొలవడం మనమే మొదలుపెట్టాం.

వేళ ఏదైనా, ఒక పనికి ముడిపెట్టుకుంటే నిలబడుతుంది. ఏరియేటర్లు వేసి మేత చూసి వచ్చి కూర్చున్నాక, పిల్లలు బస్సెక్కాక, మధ్యాహ్నం లేసు అల్లిక పక్కన పెట్టాక. "ఖాళీ దొరికినప్పుడు" అంటే దొరకదు.

ఒకటే గది ఇల్లు. టీవీ, పిల్లలు, అత్తగారు. ఏకాంతం ఎక్కడ?

డాబా మీద, పెరట్లో కొబ్బరిచెట్ల కింద, కాలువగట్టు మీద. కుదరకపోతే అదే గదిలో. మోత ఉన్నా చదివిందానికి విలువ తగ్గదు. ఇంట్లోవాళ్ళకి "పది నిమిషాలు నన్ను పిలవకండి" అని చెప్పి చూడండి. మొదట్లో నవ్వుతారు, తర్వాత వాళ్ళే టీవీ సౌండ్ తగ్గిస్తారు.

మా అమ్మమ్మకి చదువు రాదు. ఆవిడ ధ్యానించలేదా?

చాలామంది డిగ్రీ చదివినవాళ్ళకంటే ఆవిడే బాగా ధ్యానించగలదు. ప్రకటన గ్రంథం 1:3లో చదివేవాడికి ఎంత ధన్యత చెప్పారో వినేవాళ్ళకీ అంతే చెప్పారు. మొదటి శతాబ్దపు సంఘాల్లో ఎక్కువమంది వినేవాళ్ళే. పౌలు పత్రికలు వాళ్ళకి పైకి చదివి వినిపించారు.

తెలుగు ఆడియో బైబిల్ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒకసారి డౌన్‌లోడ్ చేసిస్తే నెట్ లేకపోయినా వినొచ్చు. ఆవిడ తేలిగ్గా నొక్కుకునేలా ఫోన్ మొదటి తెర మీద పెట్టండి, సౌండ్ పెంచడం చూపించండి. అంతకంటే మంచిది మనవడో మనవరాలో రోజూ ఒక కీర్తన చదివి వినిపించడం. చదివాక వెంటనే లేచి వెళ్ళిపోకుండా "అమ్మమ్మా, ఇందులో నీకేది నచ్చింది?" అని అడగమనండి. పది పన్నెండు వచనాలు విని, ఒకటి పట్టుకుని, దాని మీద తన జీవితంలోంచి ఏదో చెప్పడం మొదలుపెడుతుంది. 1996 నవంబర్ తుఫాను రాత్రి గురించి కావచ్చు, తాతయ్య పోయిన ఏడాది గురించి కావచ్చు. పిల్లలకి ఆ కీర్తన ఆ మాటతో కలిపి గుర్తుండిపోతుంది. ఇంట్లో కూర్చున్నా, దారిలో నడిచినా, పడుకున్నా, లేచినా ఈ మాటలు పిల్లలతో మాట్లాడమని ద్వితీయోపదేశకాండము 6:7 చెప్పేది కూడా ఇదే.

డిసెంబర్ 31 రాత్రి నాకు వచ్చిన వాగ్దానపు కార్డునే రోజూ చదువుకుంటున్నాను. సరిపోతుందా?

కార్డు తీసుకోవడం తప్పు కాదు. అద్దం పక్కన అంటించి ఏడాదంతా చూసుకునేవాళ్ళు మన ఊళ్ళల్లో ఇంటికొకరున్నారు, దానివల్ల ధైర్యం తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇబ్బందల్లా ఆ వచనం ఏ చోట నుంచి వచ్చిందో చూడకపోవడమే.

కార్డుల మీద తరచుగా కనబడే వచనం యిర్మీయా 29:11. మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గానీ హానికరమైనవి కావు అని దేవుడు చెప్పిన మాట. ఈ ఏడాది వీసా వస్తుంది, సంబంధం కుదురుతుంది, అప్పు తీరుతుంది అని మనం దాన్ని చదువుకుంటాం. ఆ అధ్యాయం మొదటి నుంచి చదవండి. అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన జనానికి యెరూషలేము నుంచి యిర్మీయా రాసిన ఉత్తరం. అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అంటాడు (5 నుంచి 7). పదో వచనంలో 70 ఏళ్ళు అని గడువు చెబుతాడు. ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి ఊరు చూడకుండానే పోయి ఉంటారు.

ఇంకో అధ్యాయం వెనక్కి వెళ్ళండి, 28. అక్కడ హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా తిరిగి వచ్చేస్తుందని ప్రకటించాడు. జనానికి నచ్చేది ఆ మాటే. కార్డు మీద వేస్తే ఎగబడి తీసుకునేది కూడా అదే. దేవుడు అతణ్ణి పంపలేదని యిర్మీయా చెప్పాడు.

ఇదంతా చదివాక 11వ వచనం చిన్నబోదు. వీసా రాకపోయినా నిలబడే మాట అవుతుంది. కాబట్టి ఈ ఏడాది మీ కార్డు మీదున్న వచనం ఉన్న అధ్యాయాన్ని, దాని ముందు అధ్యాయాన్ని, వెనక అధ్యాయాన్ని జనవరిలో ఒకసారి, ఏడాది మధ్యలో ఒకసారి చదవండి. పాస్టర్లు కార్డు వెనకాల "ఈ అధ్యాయం మొత్తం చదవండి" అని ఒక లైను అచ్చువేయిస్తే ఇంకా బాగుంటుంది.

బైబిల్ తెరిచి వేలు పెట్టిన చోట వచ్చిన వచనం దేవుడు ఇచ్చినట్టేనా?

అలా తెరిస్తే యూదా ఉరిపెట్టుకున్నాడని కూడా రావచ్చు. వరసగా చదవండి.

వాట్సాప్‌లో రోజూ వచనం ఫోటో వస్తుంది. అది చదివితే చాలదా?

ఏమీ లేకపోవడం కన్నా నయం. గ్రూపులో "ఆమెన్" పెట్టి కిందికి జరిపేస్తే మాత్రం అది చదవడం కిందికి రాదు. ఆ వచనం నంబరు చూసి, బైబిల్లో ఆ అధ్యాయం తెరవండి. ఫోటో మీద పెట్టడానికి వీలుగా వచనాన్ని సగానికి కోసినవి కూడా చాలా తిరుగుతుంటాయి.

పాత బైబిల్ భాష కష్టంగా ఉంది. వేరే అనువాదం చదవొచ్చా?

చదవొచ్చు. మందిరంలో చదివేది, కంఠస్థం చేసేది పాత అనువాదమే కాబట్టి దాన్ని వదిలేయకండి. అర్థం కాని చోట వాడుక భాషలో వచ్చిన అనువాదం పక్కన పెట్టుకుని పోల్చి చూడండి. యౌవనస్థులకి ముందు వాడుక భాషదే ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. ఫోన్‌లో చదివేవాళ్ళు ఆ కాసేపూ నోటిఫికేషన్లు ఆపేయండి, లేకపోతే మూడో వచనం దగ్గర రీల్స్‌లోకి వెళ్ళిపోతారు.

నోట్‌బుక్ రాయాలా?

రాసే అలవాటున్నవాళ్ళు రాయండి. తేదీ, అధ్యాయం, ఆపిన వచనం, ఒక ప్రశ్న, ఒక ప్రార్థన, అంతే. అందమైన వాక్యాలు రాయడం మొదలుపెడితే అది ఎవరికో చూపించడానికి అయిపోతుంది. రాయడం ఇష్టం లేనివాళ్ళు మానేయండి. ఒక్కటి మాత్రం చెబుతాను, ఆరు నెలల క్రితం ఏం ప్రార్థించామో మనకి గుర్తుండదు, పుస్తకానికి గుర్తుంటుంది.

అర్థం కానిచోట ఏం చేయాలి? యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కొక్కలా చెబుతున్నారు.

ముందు అదే అధ్యాయం మళ్ళీ చదవండి. సగం చిక్కులు ముందూ వెనకా చూస్తే విడిపోతాయి. తర్వాత బైబిల్ పేజీల్లో ఇచ్చిన ఇతర వచనాల నంబర్లు తీసి చూడండి. అప్పటికీ తేలకపోతే మీ సంఘంలో పాస్టర్‌గారినో, వాక్యం తెలిసిన పెద్దవాళ్ళనో అడగండి. ఐతియొపీయుడు రథంలో యెషయా గ్రంథం చదువుతూ, ఎవరైనా దారి చూపకపోతే నాకెలా అర్థమవుతుందని ఫిలిప్పును అడిగాడు (అపొస్తలుల కార్యములు 8). అడగడం నామోషీ కాదు.

యూట్యూబ్ ప్రసంగం చదవడానికి ముందు కాదు, తర్వాత వినండి. ఇతర సంఘాల్ని తిట్టడమే పనిగా పెట్టుకున్న ఛానెళ్ళు వింటే వాక్యం కన్నా తగాదాలు ఎక్కువ వంటబడతాయి.

మేం లూథరన్, మా ఆయన వాళ్ళు బ్రదరెన్. ఎవరి పద్ధతి సరైనది?

ఈ డెల్టాలో ఇది సహజంగా వచ్చే ప్రశ్న. 1836లో ఇంగ్లండ్ నుంచి మన దేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం, పాలకొల్లు వైపు పనిచేశారు, బ్రదరెన్ కూటాలకి అదే మొదలు. రాజమండ్రి చుట్టూ లూథరన్లు, 1874 నుంచి కాకినాడలో కెనడా బాప్తిస్టులు, వీళ్ళు కాక ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళు. తర్వాత వచ్చిన స్వతంత్ర సంఘాలకి లెక్కే లేదు. ఒకే వీధిలో నాలుగు రకాల మందిరాలుంటాయి, పెళ్ళితో రెండు రకాలు ఒక ఇంట్లోకి వస్తాయి.

చదివే పద్ధతి దగ్గర మీకు తగాదా పడాల్సిందేమీ లేదు. లూథరన్ ఆరాధనలో ఏ ఆదివారానికి ఏ భాగమో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ భాగాన్ని శనివారం రాత్రి ఇంట్లో చదువుకుని వెళ్తే ప్రసంగం రెండింతలు బుర్రకెక్కుతుంది. బ్రదరెన్ కూటంలో పుస్తకాన్ని వచనం వచనంగా పరిశీలించే అలవాటుంది, దానివల్ల ముందూ వెనకా చూడటం వస్తుంది. ఆర్‌సీఎం వాళ్ళకి ఆదివారం పఠనాలు మూడేళ్ళ వరసలో నడుస్తాయి. పైగా 12వ శతాబ్దపు సన్యాసి రెండవ గీగో చెప్పిన నాలుగు మెట్ల పద్ధతి కూడా ఉంది: చదవడం, మననం, ప్రార్థన, ఆ తర్వాత మౌనంగా దేవుని ఎదుట ఉండటం. పైన రూతు 2తో మనం చేసింది కూడా దానికి దగ్గరే. ఎవరిది మంచిదైతే అది తీసుకోండి. ఇంట్లో ఇద్దరూ ఒకే అధ్యాయం చదివితే మాట్లాడుకోవడానికి వీలుంటుంది.

ఎంత చదివినా ఏమీ అనిపించడం లేదు. నా విశ్వాసం పోయిందా?

పోలేదు. అలాంటి రోజులు ఎవరికైనా వస్తాయి. కీర్తనల్లో సంతోషంతో చప్పట్లు కొట్టేవి ఎన్నున్నాయో, "ఎంతవరకు" అని నిలదీసేవీ అన్నే కనబడతాయి. 13వ కీర్తన చదవండి, ఆరే వచనాలు. 88వ కీర్తన చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, ఒక్క ఓదార్పు మాట కూడా చివర్లో లేదు. అయినా అది బైబిల్లో ఉంది, జనం పాడుకోవడానికి ఉంది. 2022 జూలై వరదకి లంకల్లో సామాన్లు పోగొట్టుకున్నవాళ్ళు, చెరువులో సరుకు రాత్రికి రాత్రి చచ్చిపోయి అప్పుల్లో పడ్డవాళ్ళు, బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళు బలవంతంగా స్తుతి కీర్తనలే చదవాలని ఎవరూ చెప్పకూడదు. అలాంటప్పుడు ఈ రెండు కీర్తనలు, విలాపవాక్యములు 3వ అధ్యాయం దగ్గర ఉండండి.

నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, బతకాలనిపించకపోవడం వారాల తరబడి ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి. దాన్ని విశ్వాసం తక్కువ అనేవాళ్ళ మాట పట్టించుకోకండి. ఏలీయా చచ్చిపోతానన్నప్పుడు దేవుడు ముందు అతణ్ణి నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్ళు పంపాడు (1 రాజులు 19).

మధ్యలో రెండు నెలలు మానేశాను. వెనకబడిందంతా చదవాలా?

వద్దు. ఈ రోజు అధ్యాయం తెరవండి.

వాక్యం రోజూ చదివేవాళ్ళు కూడా కూలి డబ్బులు ఎగ్గొడుతున్నారు కదండీ?

నిజమే, ఈ మాట కోపంగా అడిగేవాళ్ళని తప్పుపట్టలేం. వినడమే గానీ చేయనివాడు అద్దంలో మొహం చూసుకుని వెళ్ళి మర్చిపోయేవాడి లాంటివాడని యాకోబు పత్రిక 1వ అధ్యాయం చెబుతుంది. అదే పత్రిక 5:4లో, చేలు కోసినవాళ్ళకి ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోందని ఉంది. కోతల కాలంలో ఆ అధ్యాయం మన మందిరాల్లో ఎక్కువగా చదవాలి, పొలాలున్న పెద్దలు ముందు వరసలో కూర్చున్నా సరే.

మీ వరకూ అయితే, ధ్యానం అయ్యాక ఒక్క పని రాసుకోండి, ఆ రోజు చేయగలిగేది. ఎవరికివ్వాల్సింది వాళ్ళకి ఇవ్వడం, మాట్లాడటం మానేసిన తోడికోడలికి ఫోన్ చేయడం, సరిహద్దు గట్టు తగాదాలో జరిగిన గట్టును వెనక్కి జరపడం. రాసుకున్నది చేయకుండా రేపటి అధ్యాయానికి వెళ్ళాలనిపిస్తే, ఇవాళ్టిదే మళ్ళీ చదవండి.

మా ఆవిడ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. కలిసి చదువుకోవడం ఎలా?

కోనసీమలో, పశ్చిమ గోదావరిలో ఈ పరిస్థితి ఉన్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. మన రాత్రి పదిన్నరకి అక్కడ ఎనిమిది, ఆ వేళకి చాలామంది యజమానుల ఇళ్ళల్లో పని ఇంకా అవ్వదు. అందుకని వీడియో కాల్‌లో కలిసి చదవాలని పట్టుబట్టకండి. ఇద్దరూ ఎవరి వీలుని బట్టి వాళ్ళు అదే అధ్యాయం చదివి, రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టుకోండి. పిల్లల చేత కూడా చదివించి రికార్డ్ చేసి పంపండి. అక్కడ చాలా తెలుగు సంఘాలు శుక్రవారం కూడుకుంటాయి. ఆవిడకి సెలవు దొరికితే ఆ రోజు చదివిన భాగమే మీరూ ఆదివారం ఇంట్లో చదువుకోవచ్చు.

మా అబ్బాయి ఇంటర్, హాస్టల్లో ఉంటాడు. పొద్దున్న ఐదు నుంచి రాత్రి పది దాకా క్లాసులే. పరీక్షల టెన్షన్‌లో ఉన్నాడు, ఏం చదవమంటారు?

రోజుకొక కీర్తన. 119వ కీర్తన ఒక్కటీ 176 వచనాలు, దాన్ని ఎనిమిదేసి వచనాల 22 భాగాలుగానే రాశారు కాబట్టి రోజుకొక భాగం తీసుకోవచ్చు. 117వ కీర్తన రెండే వచనాలు, అది పరీక్ష రోజు పొద్దున్నకి ఉంచుకోమనండి. చదవలేకపోయిన రోజు గురించి ఫోన్‌లో ఆరా తీయకండి.